నాలుగో బకెట్

"ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి నాయినా?"

లాకప్ ఊచల అవతల గోడకి చేరగిలబడ్డ అప్పలసూరి తలెత్తి చూశాడు. మంగళవారం నుంచి వాణ్ని అందరూ ఒకటే అడుగుతున్నారు, విషం ఎప్పుడు కలిపావురా అని. ఈవిడెవరో వచ్చి లీటర్ల లెక్క అడుగుతోంది. 

"ఎనిమిదండి" అన్నాడు.

"నిండడానికి ఎంతసేపు?"

"కరెంటు సక్కగుంటే నలభై నిమిసాలండి."

"లీటరు మంచినీళ్లు ఒస్తే వేస్టు నీళ్లు ఎన్ని పోతాయి?"

"మూడండి. ఆరోవో మిసనంటే అంతేనండి, ఒకటి తాగడానికి, మూడు పారబొయ్యడానికి."

ఈ ప్రశ్నలడుగుతున్న మనిషి పేరు తాయారు. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్లు సర్కారు వారి నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి, ఒక రోజు పై అధికారితో పడక ఉద్యోగం వాడి మొహాన కొట్టి, విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు కట్టుకుంది. చాలామంది నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. ఇవాళ పొద్దున అప్పలసూరి భార్య కుమారి ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని ఆ బోర్డు కింద నిలబడి, "అరెస్టు నిన్ననే రాసేరట, సాయంత్రం నాలుగింటికి మా ఆయన్ని కోర్టుకి ఒట్టుకుపోతారట, జైలుకే అంతన్నారు" అని ఏడ్చింది. ఇప్పుడు శుక్రవారం పదకొండుంబావు.

కేసు చూస్తే మూడు ముక్కల్లో ఉంది. ఆమదాలవలస ధాన్యం వ్యాపారి గంగులు మంగళవారం పొద్దున ఆరూ పదికి ఇంట్లో నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషను నుంచి ఒక గ్లాసు నీళ్లు పట్టుకుని తాగాడు. ఆరున్నరకి పడిపోయాడు. ఆసుపత్రి గేటు దాటకముందే పోయాడు. మిషను ట్యాంకులో నీళ్లు పరీక్ష చేయిస్తే గోదాముల్లో ఎలకలకి పెట్టే మందు బయటపడింది. రంగు లేదు, వాసన లేదు. ఆ మిషనుకి అంతకుముందు రోజే సర్వీసు చేసి వెళ్లినవాడు అప్పలసూరి.

"ఆదివారం నడిబజార్లో గంగులుగారు నీ చెంప పగలగొట్టారట?"

"కొట్టేరండి" అప్పలసూరి చెంప తడుముకున్నాడు. "నీళ్లు ఉప్పగా ఒస్తన్నాయి, మా ఇంటిదాని పేనం తీస్తావేటిరా అని కొట్టేరు. ఆయన కోపం నాయమైందేనండి. నీళ్లు వడకట్టీ మెంబ్రేన్ అరిగిపోనాది. రెండు నెలలబట్టి అడుగుతన్నారు, నానే అలసత్వం సేసేను. అందుకే మర్నాడే పరిగెట్టేను."

"సోమవారం ఎన్నింటికెళ్లావు?"

"పదిన్నరకి. పదకొండుంబావుకి పనైపోనాది. కొత్త మెంబ్రేన్‌కి మందు రాసి ఉంటాదండి, పాడైపోకండా. అది పోవాలి గదా. ట్యాంకు నిండగానే రెండుసార్లు పారబోయండి, మూడోతూరి నిండిన నీళ్లు రేపు పొద్దున్నించి తాగండి అని గంగులు బాబుకి సెప్పేను. ఆయన కొడుకు దనరాజు బాబు కూడా పక్కనే ఉన్నాడు."

"తర్వాత?"

"సాయంత్రం బస్సుకి సాలూరు ఎల్లేను. అక్కడొక లారీ ఆఫీసులో మిసను పాడైతే రేత్రంతా అదే పని. మంగళారం మద్దేన్నం ఇంటికొచ్చేసరికి పోలీసులు గుమ్మంలో ఉన్నారు."

వెనక బూట్ల చప్పుడు. సీఐ దేవేంద్ర వచ్చి గడియారం చూపించాడు. ఎనిమిదేళ్ల క్రితం తాయారు ల్యాబు రిపోర్టు ఒకటి కోర్టులో ఇతగాడి కేసుని నిలువునా పడగొట్టింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"పది నిమిషాలన్నాను, పదిహేనయ్యాయి మేడమ్. నీళ్ల పాఠం అయిందా?"

"సగమే అయింది. సీఐగారూ, ఇతను చెప్పినట్టు ట్యాంకు రెండుసార్లు పారబోసి ఉంటే, ఇతను కలిపిన విషం ఏదైనా ఉంటే అది సోమవారం మధ్యాహ్నానికే కాలవలో కలిసిపోయుండాలి కదా?"

"పారబొయ్యలేదు. మర్చిపోయామని ధనరాజ్ వాంగ్మూలం ఇచ్చాడు." దేవేంద్ర ఫైలు మీద అరచేత్తో కొట్టాడు. "రేపటిదాకా తాగొద్దని వీడు చెప్పడం, తెల్లారేసరికి ఊళ్లో లేకుండా పోవడం, ఇంకేం కావాలండీ మీకు?"

"ధనరాజ్ చెప్పాడని నమ్మేశారా?"

"నమ్ముతాను! తల్లికి కిడ్నీ ఇస్తున్న కొడుకు. ఇరవయ్యో తారీఖున ఆపరేషన్. పోయిన నెల సన్మానసభలో నా చేతుల్తో నేనే శాలువా కప్పాను. అలాంటివాడి మాట కాకుండా చెంపదెబ్బ తిన్నవాడి మాట నమ్మమంటారా?"

తాయారు సంచీ భుజాన వేసుకుంది. "ఆ వంటగది ఒకసారి చూస్తాను."

"చూసుకోండి. నాలుగ్గంటలకి నేను కోర్టులో ఉంటాను" అన్నాడు దేవేంద్ర. లాకప్ లోపల్నుంచి అప్పలసూరి ఆవిడకి దణ్ణం పెట్టాడు. 

గంగులుగారి ఇంటి గేటు దగ్గర ఆటో దిగేసరికి పన్నెండూ ఇరవై. వరండాలో చుట్టాలు గుసగుసలాడుకుంటున్నారు. మైలలో గడప దాటడమేమిటని ఒకావిడ, డయాలసిస్‌కి మైలేమిటి, మంగళవారం ఎలాగూ తప్పిపోయింది అని ఇంకొకావిడ. కారు తలుపు తీసి ధనరాజ్ తల్లి లక్ష్మణమ్మని ఎక్కిస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఎర్రబడ్డ కళ్లు, వారం గడ్డం. ఒక చేత్తో తల్లి భుజం, ఇంకో చేత్తో ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట. లక్ష్మణమ్మ మొహం నీరు పట్టి ఉబ్బిపోయింది. రెండడుగులు వెయ్యడానికి నాలుగుసార్లు ఊపిరి తీసుకుంటోంది.

తాయారు తన పేరు చెప్పింది. ధనరాజ్ మర్యాదగా తలూపి, "శ్రీకాకుళం ఆసుపత్రికి ఎల్తన్నామండి. వంటగదిలో ఏటి సూడాలన్నా గురమ్మని అడగండి" అన్నాడు.

లక్ష్మణమ్మ కారులో కూర్చుని కళ్లెత్తింది. "అమ్మా, ఆ అప్పలసూరి ఎలగున్నాడు? అన్నం తింతన్నాడా?"

మొగుణ్ని చంపాడని లాకప్‌లో పెట్టినవాడు అన్నం తింటున్నాడా అని అడిగే ఆడమనిషిని తాయారు తన జన్మలో చూడలేదు. జవాబు చెప్పేలోపు కారు కదిలిపోయింది.

వంటగదిలో మంగళవారం నుంచి పొయ్యి వెలగలేదు. గట్టు పైన గోడకి మిషను వేలాడుతోంది. దాని మీద పోలీసుల టేపు ఒక పక్క ఊడి వేలాడుతోంది. తాయారు పొట్టి మనిషి. ట్యాంకు మూత అందక చెక్క స్టూలు లాక్కుని ఎక్కాల్సి వచ్చింది. ఎక్కినా మూత తియ్యడానికి రెండు చేతులూ తలకంటే పైకెత్తాల్సిందే. లోపల ట్యాంకు ఖాళీ. ఉన్న నీళ్లన్నీ పోలీసులు సీసాల్లోకి పట్టుకుపోయారు. మిషను కింద నుంచి సన్నటి నల్ల గొట్టం ఒకటి గోడవారగా దిగి నీలం బకెట్లోకి వేలాడుతోంది.

గుమ్మంలో గురమ్మ నిలబడి ఉంది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో పని. పొద్దున ఆరింటికొచ్చి సాయంత్రం పోతుంది. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లతోనే చూస్తోంది.

"అప్పా, ఈ బకెట్ ఏటికి?" తాయారు స్టూలు దిగుతూ, అక్కని పిలిచినట్టు, తమ ఊరి మాటలోకి వచ్చేసింది.

"వేస్టు నీళ్లకమ్మా. వేస్టని అంతారు గానీ ఈ ఇంట్లో సుక్క కూడా పోదు. అంట్లు తొలిపినా, గచ్చు తుడిసినా, కోళ్లకి ఎట్టినా ఈ నీళ్లే. సింకు కొళాయి ఇప్పితే పెద్దమ్మ ఊరుకోదు. దనరాజు బాబయినా సరే, గలాసు ఎంగిలి సేస్తే ఈ బకెట్లో ముంచి తొలిపి ఎట్టాల్సిందే. అలవాటైపోనాది అందరికీ."

"మిసను నీళ్లు ఎవరెవరు తాగుతారు?"

"పెద్దమ్మే. ఆమె కోసరమే గదా కొన్నారు. కిడ్నీలు పాడైనాక లీటరు నీళ్లే రోజంతటికీ, అవీ మంచివే అవ్వాలని డాక్టరు సెప్పేడు. దనరాజు బాబోళ్లది మేడ మీద వాటా, అక్కడ ఏరే మిసనున్నాది. కోడలమ్మ నెలలు నిండి కొత్తవలస కన్నారింటికి ఎల్లింది."

"మరి గంగులుగారు?"

"ఆ బాబు మిసను నీళ్లు ముట్టడమ్మా! సప్పిడి నీళ్లు, పేనం లేని నీళ్లు అనీవోడు. నూతి నీళ్లే ఆయనకి."

తాయారు చెయ్యి బకెట్ అంచు మీద ఆగిపోయింది. ముట్టని మనిషి మంగళవారం పొద్దున ఎందుకు తాగాడు? ఆ ప్రశ్న పక్కన పెట్టుకుని ముందు తన లెక్క తేల్చుకుందామనుకుంది.

"సోమవారం అప్పలసూరి ఎల్లినాక ఈ బకెట్ ఎన్నిమాట్లు మోసేవు?"

"నాలుగు" ఆలోచించకుండానే వచ్చింది జవాబు. "ఒట్టప్పుడు రోజుకి పావు బకెట్ కూడా రాదు. ఆవేల ఓలమ్మో, ఒకటి పారబోసి ఒచ్చీసరికి ఇంకోటి! నడుం పడిపోనాది. నాలుగోది మోసీసరికి రెండైపోనాది. మిసను మళ్లీ పాడైపోనాదేటో అనుకున్నాను."

తాయారు బకెట్ తిప్పి అడుగున అచ్చు వేసిన అంకె చూసింది. పద్దెనిమిది లీటర్లు. నాలుగు బకెట్లంటే డెబ్భై రెండు. ఎనిమిది లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే పోయే వేస్టు ఇరవై నాలుగు. ఒక్కసారే నిండి ఉంటే ఒకటింబావు బకెట్‌తో ఆగిపోవాలి. డెబ్భై రెండంటే ట్యాంకు మూడుసార్లు నిండింది. అంటే మధ్యలో రెండుసార్లు ఖాళీ చేశారు, అప్పలసూరి చెప్పినట్టే. ధనరాజ్ అబద్ధం ఎందుకు చెప్పినట్టు?

"మంగళారం పొద్దున్న బకెట్లో నీళ్లున్నాయా?"

"అడుగున రెండు సెంబులుంటే కోళ్ల తొట్లో పోసేను, ఆరింటికి" అని గురమ్మ కొంగు మళ్లీ నోటికి తెచ్చుకుంది.

తాయారు పెరటి తలుపు తీసింది. కోళ్ల గూడు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఈకలు తప్ప ఏమీ లేవు.

"కోళ్లేవి?"

"సచ్చిపోనాయమ్మా. నాలుగూ. తెగులొచ్చింది."

"ఏ రోజు?"

"మంగళారమే."

"తెగులని ఎవరు సెప్పేరు?"

"దనరాజు బాబు. గంగులు బాబుని ఆటోలో ఎక్కిస్తన్నప్పుడు ఎనక్కి తిరిగి, కోళ్లకి తెగులొచ్చినాది, ఎవులికీ సూపించకండా పాతీ అన్నాడు. అప్పుడు నాను ఆ మాట పట్టించుకోనేదు. గంగులు బాబు ఏపే సూస్తన్నాను. ఆయన నోటెంట నురగ..." గురమ్మ గోడకి ఆనుకుని కూలబడింది.

 కన్నతండ్రి నోట నురగలు కక్కుతుంటే, ఆటో ఎక్కిస్తూ ఎక్కిస్తూ కోళ్ల మీద దృష్టి పెట్టిన కొడుకు!

"స్టూలు కదిపారా? సీన్‌లో వస్తువులు కదపడానికి మీకెవరిచ్చారు అధికారం?"

దేవేంద్ర గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వెనక ఒక కానిస్టేబుల్. సమయం పన్నెండూ ముప్పై ఐదు.

"వచ్చారా, మంచిదే అయింది. ఒక పార తెప్పించండి."

"దేనికి?"

"కోళ్లని తవ్వాలి."

"తాయారుగారూ, నా చెవిలో పువ్వులేమైనా కనబడుతున్నాయా మీకు?"

"పువ్వులు కాదు, ధనరాజ్ వాంగ్మూలం కనబడుతోంది" తాయారు గొంతు పెంచింది. ఇక ఊరుకుంటే లాభం లేదనిపించింది. "ట్యాంకు పారబొయ్యలేదన్నాడు. నాలుగు బకెట్ల వేస్టు వచ్చింది, మోసిన మనిషి ఇదిగో ఇక్కడే ఉంది. మూడుసార్లు నిండితే తప్ప అన్ని నీళ్లు రావు. సోమవారం పదకొండింటికి కలిపిన విషం మంగళవారం దాకా ఆ ట్యాంకులో ఉండే ఆస్కారమే లేదు."

దేవేంద్ర అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. "ట్యాంకులో కాదు, లోపల ఏదో ఒక ఫిల్టరులో పెట్టుంటాడు. కొంచెం కొంచెంగా దిగింది."

"అయితే ఈ బకెట్లోకి ఎలా వచ్చింది? మంగళవారం పొద్దున ఈ బకెట్ నీళ్లు తాగి నాలుగు కోళ్లు చచ్చాయి. మీ ఇంట్లో పిండి జల్లిస్తారు కదా? పొట్టు జల్లెడలో ఉండిపోతుంది, పిండి కిందికి దిగుతుంది. కింద పళ్లెంలో పిండిలో ఏదైనా కలిస్తే, అది మళ్లీ పైకెక్కి పొట్టులో కలుస్తుందా? ఈ మిషనులో జల్లెడ మెంబ్రేన్. పొట్టు ఈ బకెట్లోకి, పిండి ఆ ట్యాంకులోకి."

"జల్లెడకి ముందే, మేడ మీద నీళ్ల ట్యాంకులోనే కలిపితే?"

"అప్పుడు జల్లెడ చాలామట్టుకు ఆపేస్తుంది. బకెట్లో ఘాటుగా ఉండాలి, ట్యాంకులో పల్చగా ఉండాలి. మీ రిపోర్టులో ట్యాంకులోనే మోతాదు ఘాటుగా ఉందని మీరే రాసుకున్నారు. రెండు చోట్లా ఉందంటే ఒకటే దారి. ఎవరో ఒక గ్లాసులో మందు కలిపి, పైన ట్యాంకులో పోసి, ఆ గ్లాసుని ఈ బకెట్లో ముంచి తొలిపారు. ఎందుకు తొలిపారు? ఈ ఇంట్లో అందరి అలవాటూ అదే కాబట్టి! సింకు కొళాయి విప్పి కడుక్కుని ఉంటే ఈ జన్మకి దొరికేవాడు కాదు."

కానిస్టేబుల్ పార తెచ్చాడు. అరటిచెట్టు వెనక అడుగు లోతునే దొరికాయి, నాలుగూ ఒకదాని మీద ఒకటి. వాసనకి వరండాలో చుట్టాలు లేచి నిలబడ్డారు. దేవేంద్ర ముక్కుకి రుమాలు కట్టుకుని వాటిని సంచీలో కట్టించి సీలు వేయించాడు.  ఆ ఒక్క విషయంలో తాయారు ఇతగాణ్ని మెచ్చుకుంది. మొండివాడే గాని, కళ్లెదుట ఉన్నది లేదనే రకం కాదు.

"సరే" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఇంట్లోవాళ్ల చెయ్యే అనుకుందాం. సోమవారం రాత్రి ఇంట్లో ఉన్నది ముగ్గురు. తండ్రి, తల్లి, కొడుకు. కొడుకు తండ్రిని ఎందుకు చంపుతాడు? ఉన్న ఒక్క కొడుకు. తండ్రి అంటే ప్రాణం."

"తండ్రిని చంపాలనుకున్నాడని ఎవరన్నారు? గంగులుగారు ఆ మిషను నీళ్లు ముట్టరు."

"మంగళవారం తాగాడుగా!"

తాయారు గురమ్మ వైపు తిరిగింది. "అప్పా, ఆ పొద్దున గంగులు బాబు మిసను కాడకి ఎందుకొచ్చేడు?"

గురమ్మ ముక్కు చీదుకుంది. "పెద్దమ్మ సీసా నింపడానికమ్మా. రోజూ ఆయనే నింపుతాడు, ఇంకెవుల్నీ ముట్టుకోనివ్వడు. ఆవేల డయాలసిస్ రోజు గదా. కొత్త పొర ఏసేడు గదా ఉప్పు పోనాదో నేదో సూస్తాను, దానికి పొయ్యకముందు నాను తాగితే తెలుస్తాది అని ఒక గలాసు తాగేడు. బాగున్నాయే గురమ్మా, తియ్యగున్నాయి అన్నాడు. సీసా నింపేడు. బుట్టలో ఎట్టేడు. అరుగు మీద కూకున్నాడు. అంతే."

 భార్యకి పొయ్యబోయే నీళ్లు రుచి చూసి చచ్చిపోయాడు ఆ ముసలాయన. 

"లక్ష్మణమ్మ కోసం కలిపిన విషం" అంది తాయారు మెల్లగా. "డయాలసిస్ మనిషి ఒక రోజు పొద్దున లేవకపోతే ఎవరూ ఏమీ అడగరు సీఐగారూ. అయ్యో పాపం, బాధ తీరింది అంటారు, పాడె కడతారు. సీసా తండ్రి చేతిలోంచి కదలదు, అందుకే ట్యాంకులో పోశాడు. తండ్రి రుచి చూస్తాడని కలలో కూడా అనుకోలేదు."

"కిడ్నీ ఇస్తానన్న కొడుకు తల్లిని..." దేవేంద్ర ఆగిపోయాడు.

"ఇస్తానని అతనన్నాడా, వాళ్ల నాన్న అన్నాడా?"

దేవేంద్ర మొహంలో రంగు మారింది. సన్మానసభ గుర్తొచ్చినట్టుంది. "మైకులో గంగులే చెప్పాడు" అన్నాడు. "ధనరాజ్ ఏమీ మాట్లాడలేదు. ఏడ్చాడు. నేను... సంతోషం అనుకున్నాను."

"ఇరవయ్యో తారీఖు ఇంకా వారం కూడా లేదు. ఊరంతా పొగిడేశాక వద్దని చెప్పే నోరు ఎవడికుంటుంది? భార్య నెలలు నిండి ఉంది. భయం పుట్టింది. కాదనడం కంటే..." తాయారు మాట మధ్యలో తెగిపోయింది. మనసులో ఏదో టక్కున తగిలింది. "అప్పా, ఆవేల బాబు నింపిన సీసా ఏమైంది?"

"బుట్టలోనే ఉన్నాదమ్మా."

"ఏ బుట్ట?"

"ఆసుపత్రి బుట్ట. దేవుడి గదిలో మేకుకి ఏలాడతన్నాది మంగళారం నుంచి. ఎవులూ ముట్టుకోనేదు. ఇందాకలే దనరాజు బాబు తీసి..."

ప్లాస్టిక్ వైరు బుట్ట! తాయారు కళ్ల ముందే కారెక్కింది. గడియారం పన్నెండూ యాభై రెండు.

"ఆవిడ నీళ్లు ఎప్పుడు తాగుతుంది?"

"ఒంటిగంటకి బీపీ మాత్ర. అప్పుడు చిన్న గలాసుడు. మంగళారం సూదులు పడక ఒకటే దాహం, పొద్దున్నించీ ఒంటిగంట ఎప్పుడవుద్దా అని గోడ గడియారమే సూస్తన్నాది."

దేవేంద్ర ఫోను తీశాడు. "ధనరాజ్‌కి చేస్తాను."

"మతి ఉందా? చేస్తే అక్కడికక్కడే తాగించేస్తాడు! అప్పా, పెద్దమ్మకి ఫోనున్నాదా?"

ఉంది. బొత్తాల ఫోను. నంబరు క్యాలెండరు మీద పెద్ద అంకెల్లో రాసి ఉంది. తాయారు నొక్కింది. నాలుగుసార్లు మోగాక లక్ష్మణమ్మ ఎత్తింది.

"అమ్మా, నేను తాయారుని. ఇందాక గేటు దగ్గర మాట్లాడాను. పక్కన అబ్బాయి ఉన్నాడా?"

"నేడమ్మా. మందుల కొట్టుకాడ దిగేడు. నానొక్కదాన్నే బండిలో ఉన్నాను."

"బుట్టలో నీళ్ల సీసా ఉంది. అందులో నీళ్లు తాగకండి. మీకు దణ్ణం పెడతాను, ఒక్క చుక్క కూడా తాగకండి."

 లక్ష్మణమ్మ చాలా నిదానంగా అంది.

"తెలుసమ్మా."

తాయారు ఫోను చెవికి నొక్కుకుంది.

"సోమారం రేత్రి దాహానికి నిద్ర పట్టక లేచేను. ఆడు స్టూలెక్కి మిసను మూత తీస్తన్నాడు. బాగైనాదో నేదో సూస్తన్నాడనుకున్నాను. దిగి, గలాసు బకెట్లో ముంచి తొలిపేడు. నా కొడుకు ఎంత బుద్దిమంతుడు అనుకుని ఎల్లి పడుకున్నాను. తెల్లారి ఆయన పడిపోనాకే అరదమైనాది." ఊపిరి కోసం ఆగింది. "బయ్యమేసిందమ్మా ఆడికి. కడుపు కోసి ముక్క ఇయ్యమంటే బయ్యమెయ్యదా ఏటి? నాతోటి ఒక్క మాట సెప్పుంటే నానే ఒద్దందును. అమ్మని గదా, నాతోటయినా సెప్పనేదు ఎర్రి నాయిన."

"అమ్మా, ఇదే మాట సీఐగారితో చెప్పండి. ఇక్కడే ఉన్నారు. అప్పలసూరికి ఇద్దరాడపిల్లలు. నాలుగ్గంటలకి వాణ్ని జైలుకి పంపేస్తారు."

"ఆ గుంటడి ఉసురు నాకొద్దు. సీఐ బాబుకి ఇనబడీలాగ ఎట్టు."

తాయారు స్పీకరు నొక్కింది. లక్ష్మణమ్మ గొంతు గదంతా వినబడింది, ఈసారి కొంచెం గట్టిగా, ముందే అనుకుని పెట్టుకున్న మాటల్లాగా.

"బాబూ, ఆ మందు కలిపింది నానే. వారానికి రెండేసి మాట్లు సూదులు పొడిపించుకోనేక సావాలని కలుపుకున్నాను. మా ఆయన తాగుతాడనుకోనేదు. అప్పలసూరి ఏటీ ఎరగడు, ఆణ్ని ఒగ్గీండి. నా కొడుకూ ఏటీ ఎరగడు."

"అమ్మా, వద్దు!" తాయారు అరిచింది.

ఫోనులో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు. "ఎవులమ్మా ఫోను?" ధనరాజ్ గొంతు.

"ఎవుల్నేదు నాయినా. రాంగు నంబరు."

"ఒంటిగంట కావస్తన్నాది. మాత్రేసుకుందువుగాని. ఉండు, నీళ్లిస్తాను."

ఫోను ఆగిపోయింది.

దేవేంద్ర అప్పటికే జేబులోంచి నోటుబుక్కు తీసి రాసేసుకుంటున్నాడు. "ఒప్పుకుంది. సాక్షులం ఇద్దరం ఉన్నాం. ఆత్మహత్యా ప్రయత్నం, పొరపాటున భర్త..."

"గురమ్మా!" తాయారు గొంతు ఆ గదికి సరిపోనంత పెద్దగా వచ్చింది. "పెద్దమ్మ జుట్టు ఎవరు దువ్వుతారు?"

గురమ్మ బెదిరిపోయింది. "నానేనమ్మా. ఎడం సేతికి డయాలసిస్ ఆపరేసను, కుడి బుజం పట్టీసింది. రెండు సేతులూ బుజం దాటి లేవ్వు. జాకెట్టు కూడా నానే తొడుగుతాను."

దేవేంద్ర చేతిలో పెన్ను ఆగింది. చెక్క స్టూలు వైపు చూశాడు. అక్కణ్నుంచి ఏడడుగుల ఎత్తున ఉన్న ట్యాంకు మూత వైపు చూశాడు. నోటుబుక్కు గట్టు మీదే పడేసి, జీపు తియ్యమని కేకేస్తూ బయటికి పరిగెత్తాడు. ఆసుపత్రి దగ్గర పోలీసు అవుట్‌పోస్టుకి ఫోను కలపమని కానిస్టేబుల్ మీద అరుస్తున్నాడు.

తాయారు ఆ వెనకే పరిగెడుతూ మళ్లీ అదే నంబరు నొక్కింది. స్విచ్ఛాఫ్ అని వచ్చింది.